ఓబులయ్య తరఫున

హిమజకి రెండు సీట్లు వచ్చాయి. ఒకటి లా కాలేజీలో, ఇంకొకటి పబ్లిక్ పాలసీలో. రెండూ పేరున్న చోట్లే. కిందటేడూ ఇలాగే వచ్చాయి. ఏది మేలో ఆమె తేల్చుకునేలోపు రెండింటి గడువూ దాటిపోయింది.

ఈసారి శుక్రవారం సాయంత్రంలోగా ఏదో ఒకటి ఒప్పుకోవాలి. "ఇప్పుడు కూడా వదిలేశావంటే ఇంక చదువు మాట నా దగ్గర ఎత్తొద్దు," అన్నాడు ప్రొద్దుటూరులో ఉన్న తండ్రి. ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు. హిమజకి భయం పట్టుకుంది. రెండు జతల బట్టలు సర్దుకుని కొండకింద ఆశ్రమానికి వచ్చేసింది.

చిదంబరస్వామి దగ్గరికి ఆమె చిన్నప్పటినుంచి వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతుంది, ఆయన ఏదో ఒక పని చెబుతాడు.

"లా చదివితే ఒక మనిషి పక్కన నిలబడి న్యాయం అడగొచ్చు స్వామీ. కానీ ఒక్కడికే. పాలసీ చదివితే నియమాన్నే మార్పించి లక్షమందికి మేలు చేయొచ్చు. కానీ వాళ్లలో ఒక్కరి మొహమైనా చూడను. నన్నేది చదవమంటారు?"

స్వామి చేట ముందు పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"రేపు మధ్యాహ్నం గేటు దగ్గర కూర్చో," అన్నాడు.

ఇంత పెద్ద ప్రశ్నకి గేటు కాపలా ఏమిటని హిమజకి చిరాకేసింది. అయినా మర్నాడు కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆ ఆశ్రమంలో ఎవరొచ్చినా అన్నం పెడతారు. కాకపోతే పన్నెండింటికి గేటు మూసేస్తారు. ఆ నియమం హిమజ చలవే. వేళాపాళా లేకుండా జనం వస్తుంటే వంటచేసే సుబ్బరత్నమ్మకి నడుం వాల్చే తీరిక ఉండటం లేదని, కిందటి వేసవిలో తనే పలక మీద రాసి గేటుకి తగిలించింది.

పన్నెండున్నర బస్సు దిగి ఒక ముసలాయన వచ్చాడు. కాలికి కట్టు, చంకలో గుడ్డసంచి. కుంటుకుంటూ వచ్చి గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నేను..." అన్నాడు.

"మీరుండండి తాతా, నేను మాట్లాడతాను," అని హిమజ గేటు తీసి ఆయన్ని చెయ్యి పట్టుకుని పంక్తి దాకా నడిపించింది.

సుబ్బరత్నమ్మ గరిటె అడ్డం పెట్టింది. "టైమైపోయింది పాపా. నువ్వు రాసిందే కదా?"

"నేను రాసింది బద్ధకించి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం. బస్సు పన్నెండున్నరకి వస్తే తప్పు ఈయనదా? ఆ కాలు చూడండి. ఆ మొహం చూడండి, కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో! ఇంట్లో పెట్టేవాళ్లుంటే ఇంత ఎండలో ఇక్కడికొస్తాడా?"

తింటున్నవాళ్లంతా చేతులాపి ఇటు తిరిగారు. ముసలాయన మళ్లీ ఏదో చెప్పబోయాడు.

"మీరు ఊరుకోండి తాతా," అంది హిమజ.

సుబ్బరత్నమ్మ గరిటె పక్కకి తీసింది. ఆకు వేసి వడ్డించింది. ముసలాయన తల వంచుకుని గబగబా తిన్నాడు. సంచి చంకలో పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

హిమజ సంతోషం ఇంతా అంతా కాదు. పరుగున స్వామి దగ్గరికి వెళ్లింది.

"తేలిపోయింది స్వామీ. లా చదువుతాను."

"సరే," అన్నాడు స్వామి. "రేపు కూడా గేటు దగ్గరే కూర్చో."

మర్నాడు అదే బస్సు దిగి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల కోసమూ వాదించి గెలిచింది. కానీ గెలిచాక అనుమానం వచ్చింది. రోజూ ఎంతమంది కోసమని వాదిస్తుంది? తను లేని రోజు వాళ్ల గతేమిటి? నియమమే తప్పు. సుబ్బరత్నమ్మని ఎలాగో ఒప్పించి, పలక తుడిచి, ఒంటిగంట దాకా గేటు తెరిచి ఉంటుందని రాసింది. రాసిన అక్షరాలని దూరంనుంచి ఒకసారి, దగ్గరనుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయింది.

"నిన్న తొందరపడ్డాను స్వామీ. నాకు తగింది పాలసీయే."

"సరే," అన్నాడు స్వామి. కాస్త ఆగి, "నిన్నటి పెద్దాయన వచ్చాడా?" అని అడిగాడు.

"లేదు. రేపు వస్తాడు. ఇప్పుడు గేటు తీసే ఉంటుంది కదా."

శుక్రవారం బస్సు వచ్చింది. గేటు తీసే ఉంది. ఆయన రాలేదు. ఒంటిగంటయింది.

స్వామి చేతికర్ర తీసుకుని లేచాడు. "రా," అన్నాడు.

రోడ్డు మీద బస్సు షెల్టరులో ముసలాయన కూర్చుని ఉన్నాడు. స్వామిని చూసి లేవబోయాడు. స్వామి ఆయన భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టి, తనూ పక్కన చతికిలబడ్డాడు. హిమజ నిలబడే చెప్పింది.

"తాతా, ఇంక మీకు ఇబ్బంది లేదు. గేటు ఒంటిగంట దాకా తీసే ఉంటుంది. నేనే మార్పించాను."

ముసలాయన ఆమెకి దణ్ణం పెట్టాడు. మాట్లాడలేదు. చివరికి హిమజ కూడా కింద కూర్చుంది.

"మరి ఎందుకు రావడం లేదు తాతా?"

అప్పటికి ఆయన నోరు విప్పాడు.

"నా పేరు ఓబులయ్య తల్లీ. కాలికి కట్టు మార్పిచ్చుకునేదానికి ఈ వారమంతా టౌనుకి పోతాండా. ఈడ దిగి మా ఊరి బస్సు ఎక్కాల. మా చింతచెట్టు చిగురేసింది. స్వామికి చింతచిగురు పప్పు ఇష్టమని మొన్న సంచినిండా కోసకచ్చినా. గేటుకాడ ఇచ్చి పోదామనుకున్నా."

"అన్నానికి కాదా?"

"పొద్దున్నే సంగటి తిని బయలెల్లినా. కాకపోతే ఆకేసి వడ్డించినాక అన్నం కాదనకూడదు కదా. తిన్నా. ఆ ఎనక చిగురియ్యడానికి మొహం చెల్లలా. పంక్తిలో మా ఊరోళ్లు ఇద్దరుండిరి. నా కోడలు నాకు కూడు పెట్టడంలేదని ఊరంతా చెప్పుకుంటాండారు. ఆ పిల్ల ఒకటే ఏడుపు. మొన్నట్నించి నాతో మాట్లాడ్డంలేదు."

సిగ్గుతో హిమజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనిప్పుడు ఏం చేయాలి తాతా? మీ ఊరొచ్చి అందరికీ చెప్పనా?"

ఓబులయ్య కంగారుగా చేతులు ఊపాడు.

"వద్దు తల్లీ. నువ్వింకేం చేయొద్దు."

బస్సు వచ్చింది. స్వామి ఆయన్ని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

ఆశ్రమానికి రాగానే హిమజ వేపచెట్టు కిందికి వెళ్లి తండ్రికి ఫోను చేసింది. ఎక్కువసేపు మాట్లాడలేదు. వచ్చి అరుగు మీద స్వామికి కొంచెం దూరంగా కూర్చుంది.

"ఏం చెప్పావు?" అన్నాడు స్వామి.

"లా అని చెప్పాను."

"ఎందుకని?"

"అందులోనైతే మనిషి మన ఎదురుగా ఉంటాడు స్వామీ."

స్వామి ఆమెవైపు చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"ఇక్కడా ఎదురుగానే ఉన్నాడు కదమ్మా."