ఊపిరి తీసుకోని గొంతు

అప్పలనరసయ్య మాస్టారిని ఎవరేమడిగినా జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక గదిలో, చూపు లేనివాళ్లకు ఆయన కంప్యూటరు నేర్పేవారు. ఆయనకూ చూపు లేదు. ఆ గదిలో దీపం ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో ఎవరికీ పట్టేది కాదు. గాలి సముద్రం మీంచి వస్తే మధ్యాహ్నమని, ఊళ్లోంచి వస్తే పొద్దు వాలి చాలాసేపయిందని లెక్క.

ఆయన శిష్యురాలు మంగవేణి. ఊరి గ్రంథాలయంలో ఓ వారగా ఉన్న వినేవాళ్ల గదిని ఆమె చూసుకునేది. అక్కడి కంప్యూటరు పుస్తకాలను పైకి చదివి వినిపించేది. చదివే గొంతు ఒక కంపెనీ దగ్గర కొన్నది. తేనె పూసినట్టుండేది. అది వింటుంటే ఎవరో అరచేతిలో వెచ్చటి ఇసుక పోస్తున్నట్టుండేది మంగవేణికి. అలాంటి గొంతు ఒక నవల చివరి అధ్యాయం దాకా వచ్చాక కంప్యూటరు పాడై ఆగిపోయింది. పాడైన ముక్కేదో మార్చి కంప్యూటరు బాగుచేయిస్తే, నన్ను కొన్నది ఈ కంప్యూటరుకి కాదంటూ గొంతు తాళం వేసుకుని మొండికేసింది. ఆదివారం వినేవాళ్లు వస్తారు. కథ ముగింపు వినిపించకపోతే ఇక రారు. వాళ్లు రాకపోతే ఆ గదిలో పాత పేపర్లు పడేస్తానని లైబ్రేరియన్ ముందే అనేశాడు.

"ఉచితంగా దొరికే గొంతు ఒకటుంది కదా మాస్టారూ, అది పెట్టేయనా?" అంది మంగవేణి. "కానీ దానికి దిక్కెవరు? రేపు అదీ పాడైతే ఎవర్ని పిలవాలి?"

మాస్టారు బిస్కట్టు టీలో ముంచుకున్నారు. "రెండు చోట్లా పిలిచి చూడమ్మా."

ముందు కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు వీణ వినిపించింది. తర్వాత ఒక అమ్మాయి, "మీ ఇబ్బంది నాకు అర్థమైంది మేడమ్," అంది. నిజంగానే అర్థమైనట్టుంది, గొంతు మెత్తబడింది. "ఆ గొంతు ఇప్పుడు మేం అమ్మట్లేదు మేడమ్. తాళం తియ్యడం నా చేతిలో లేదు."

"మరెవరి చేతిలో ఉందమ్మా?"

"ఏమో మేడమ్. వాళ్లని నేనూ ఎప్పుడూ చూళ్లేదు."

ఉచిత గొంతును పెట్టి చూసింది. బావిలోంచి మాట్లాడినట్టుంది. అదైనా సరిపెట్టుకోవచ్చు గానీ, అది ఊపిరి తీసుకోదు. వాక్యాన్ని వాక్యం తోసుకుంటూ, వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టు పరుగే పరుగు. దాన్ని తయారుచేసేవాళ్ల గుంపుకి కంప్యూటర్లోనే ఉత్తరం రాసింది. వెంటనే ఎవరూ పలకలేదు. చివరికి పలికినవాడు, పాత ఉత్తరాలు వెతుక్కోకుండా మళ్లీ కొత్తగా అడుగుతావేమని కసిరాడు.

"డబ్బు తీసుకున్నవాళ్లు మేడమ్ అన్నారు మాస్టారూ. వీళ్లు తిడుతున్నారు!"

"ఇంట్లో మనిషివనుకున్నారేమో," అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఆ గుంపులోనే ఇంకొకరి ఉత్తరం వచ్చింది. "ఇక్కడ మంచు కురుస్తోంది. మీ భాష నాకు రాదు. ఎక్కడ ఆగాలో ఆ గొంతుకి చెప్పే వరుసలు ఈ ఫైల్లో ఉన్నాయి. మార్చి, విని, ఎలా ఉందో చెప్పు."

మంగవేణి గుండె మీద చెయ్యి పెట్టుకుని తనకు కంఠస్థమైన కథ ఒకటి పైకి చెప్పుకుంది. తన ఊపిరి ఎక్కడ నిలిచిందో, ఎంతసేపు నిలిచిందో చూసుకుని ఆ వరుసల్లో రాసింది. తప్పులొచ్చాయి. చెరిపింది, మళ్లీ రాసింది. మధ్యలో కునుకు పట్టినట్టుంది. ఆ బొంగురు గొంతు తడి ఇసుకలో అలిసి నిలబడింది. మంచు కురిసే ఊరి మనిషెవరో దాని వీపు నిమురుతున్నారు. ఎంత చల్లటి చెయ్యి! మెలకువొచ్చేసరికి గాలి దిశ మారింది. మీట నొక్కింది. గొంతు ఒక వాక్యం చదివింది. ఆగింది. ఊపిరి తీసుకుంది. అది తన ఊపిరే. మంగవేణికి ఒళ్లు ఝల్లుమంది.

ఆదివారం కథ మొదలవగానే, వినేవాళ్లలో ఒకడైన నూకరాజు తాత, "ఎవరే పిల్లా ఈ కొత్తావిడ? పడిశం పట్టినట్టుంది," అన్నాడు. అందరూ నవ్వారు. తేనె గొంతు మంగవేణికీ గుర్తొచ్చింది, మనసు చివుక్కుమంది. అయినా ముగింపు దాకా ఎవరూ లేవలేదు. అయిపోయాక కూడా తాత కదల్లేదు. "వచ్చేవారం ఏ కథ?" అన్నాడు.

మర్నాడు తాను రాసిన వరుసల్ని ఆ గుంపుకి పంపేసి, మాస్టారి దగ్గర కూర్చుంది. "అన్నీ అయ్యాయి గానీ మాస్టారూ, దానికి దిక్కెవరో మీరు చెప్పనేలేదు."

ఇంతలో కంప్యూటరు గణగణమని మోగి, గుంపులోకి వచ్చిన ఉత్తరం ఒకటి చదివింది. బళ్లారి నుంచి ఎవరో రాశారు. "మా కన్నడ గొంతు కూడా ఊపిరి తీసుకోవడం లేదు. ఎవరైనా ఉన్నారా?"

ఎవరో ఒకరు పలుకుతారులే అని మంగవేణి ఎదురుచూసింది. కిటికీలోంచి ఉప్పుగాలి వచ్చి వెళ్లింది. ఎవరూ పలకలేదు. పాత ఉత్తరాలు వెతికారా అని ఆమె నోటిదాకా వచ్చి, అక్కడే నవ్వయిపోయింది.

మాస్టారు కీబోర్డును ఆమె వేళ్లకు తగిలేదాకా ముందుకు జరిపారు.

"పిలుస్తున్నారమ్మా," అన్నారు. "పలుకు."