జత బాడిసలు

వీరవరం సంతలో తాకట్టు కొట్టు నడిపే షావుకారు భద్రయ్య, తాను కట్టిన ధరకు తిరుగులేదని గొప్పలు చెప్పుకునేవాడు. ఓ సంతరోజు వడ్రంగి గవరమ్మ ఆ కొట్లో ఎర్రపట్టు మీద పెట్టిన పాత బాడిసను చూసి నిలబడిపోయింది. కరువులో నాన్న కుదువపెట్టిన బాడిస అది; విడిపించుకోకుండానే ఆయన కన్నుమూశాడు. పిడి మీద ఆయన చెక్కిన చేపబొమ్మ అలాగే ఉంది.

"రాజుగారి రథాన్ని చెక్కిన పనిముట్టు. వంద వరహాలు," అన్నాడు భద్రయ్య, పక్కనున్న మునసబుకు వినబడేలా.

గవరమ్మ ఇంటికెళ్లి మరో బాడిస తెచ్చింది. పిడికి గుడ్డ చుట్టి అతని చేతికిచ్చింది. "దీనికేమిస్తారు బాబూ?"

భద్రయ్య అంచును గోటితో గీకి, "తుప్పు ఇనుము. రెండు రూకలు," అన్నాడు.

గవరమ్మ గుడ్డ విప్పింది. అదే పిడి, అదే చేప. "రెండూ మా నాన్న చేసిన జత, మునసబుగారూ. నాది వందకు కొనమనండి, లేదా తనది రెండుకు ఇమ్మనండి."

"నాది రథం చెక్కింది!" అని అరిచాడు భద్రయ్య.

"అయితే చెక్కింది మా నాన్నే. జతలో ఒకటి ఇంట్లో పెట్టి రథం పనికి వెళ్లాడంటారా?"

సంతంతా గొల్లున నవ్వింది. "ఏదో ఒకటి తేల్చవయ్యా," అన్నాడు మునసబు. వంద వరహాలు ఇవ్వడానికి భద్రయ్యకు చెయ్యి రాలేదు. గవరమ్మ రెండు రూకలు బల్లమీద పెట్టి, నాన్న బాడిసను భుజాన వేసుకుని, జనం దారి ఇస్తుంటే తలెత్తుకుని నడిచింది.