ఏడు చీటీలు

ఎర్రమల స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, చెప్పులు వేసుకునేవాడు. ఎక్కడికో బయలుదేరేవాడు. అడిగినవాడు వెంట నడవాలి. అందుకని ఆశ్రమంలో శిష్యులు పెద్ద ప్రశ్నలు అడిగే ముందు బయట ఎండ ఎంతుందో చూసుకునేవారు.

శేషఫణి మాత్రం ఎండకు జంకే మనిషి కాదు. ఏడేళ్లుగా స్వామి దగ్గరే ఉన్నాడు. గేటు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లలో ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని తిప్పి పంపాలో తేల్చే పని అతనిది. ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు, తనే నెత్తిన వేసుకున్నాడు. కోడలితో పేచీ అనీ, బోరులో నీళ్లు పడలేదనీ వచ్చినవాళ్లను రెండు మాటల్లో సాగనంపేవాడు. తత్త్వం అడిగేవాళ్లకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టేవాడు. మనిషి నోరు తెరవకముందే అతని ప్రశ్న బరువెంతో తనకు తెలిసిపోతుందని ఫణికి గట్టి నమ్మకం.

ఒక బుధవారం మధ్యాహ్నం అతను స్వామికి దండం పెట్టి అడిగాడు. "స్వామీ, సారమేదో పొట్టేదో వేరు చేసే చూపే వివేకమంటారు. ఆ చూపు నాకు వచ్చినట్టేనా?"

స్వామి అప్పుడే టపాలో వచ్చిన ఉత్తరం చదువుతున్నాడు. చదవడం ముగించి, దాన్ని ఫణి చేతిలో పెట్టి, చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరూ బస్సెక్కారు. కిటికీ పక్కన కూర్చుని ఫణి ఉత్తరం విప్పాడు.

"స్వామి గారి పాదాలకు నమస్కరించి కామాక్షమ్మ రాసుకునేది. మా ఆయన వీరభద్రాచారి హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. ఆదివారం వస్తే ఆయనా, నేనూ, మా పాప భువనా చిత్రాన్నం కట్టుకుని వాగుల వెంట, పాత గనుల దిబ్బల వెంట రాళ్లు ఏరుకునేదానికి పోయేవాళ్లం. సినిమాలకు పోయేవాళ్లు సినిమాలకు పోతారు, మాకు ఇదే సరదా. పలుగురాయేదో, ముగ్గురాయేదో, చెకుముకి రాయేదో ఆయనే నేర్పించినాడు. గోటితో గీకి చూసేది, నిమ్మరసం చుక్క వేసి నురగ వస్తుందేమో చూసేది, ఎంగిలి తడి చేసి రంగు చూసేది. ఎంత నవ్వుకునేవాళ్లమో చెప్పలేను.

"సాయంత్రం వరండాలో సంచులు గుమ్మరించేవాళ్లం. మంచివి ఆయన ఏరి, దూది మీద పెట్టి, రాయి పేరు, ఊరి పేరు, ఏరినవాళ్ల పేరు చీటీ మీద రాసి అద్దాల అల్మరాలో ఉంచేవాడు. మిగతావి వెనక గోడ మీంచి పక్క ఖాళీ స్థలంలోకి విసిరేసేవాడు. పాప తెచ్చినవి ఎప్పుడూ గోడ అవతలికే పోయేవి. ఆయన ఏనాడూ కసిరింది లేదు స్వామీ. నవ్వుతానే, 'మామూలు రాయమ్మా, ఇంకోసారి చూద్దాం' అనేవాడు. రెండేళ్లు ఆ మాటే చెప్పినాడు.

"పోయిన వానల్లో దానికి జ్వరమొచ్చింది. నాలుగు రోజుల్లో పోయింది. తొమ్మిదేళ్లు. దినాలయ్యాక దాని కంపాస్ పెట్టెలో ఏడు చీటీలు దొరికినాయి. 'ఏరినది: భువన' అని ముందే రాసి పెట్టుకుంది. రాయి పేరు దగ్గర ఖాళీ వదిలింది, అది నాన్న రాయాలని. అల్మరా అంతా వెతికినా దాని పేరుతో ఒక్క రాయి లేదు. ఆయన గోడ దూకి పోయినాడు. ఆ స్థలం వాళ్లు అప్పటికే ఇల్లు కట్టాలని లారీల కొద్దీ కంకర తోలినారు. పాప రాళ్లు దాంట్లో కలిసిపోయినాయి. ఆ రోజు నుంచి గంప తర్వాత గంప ఇంట్లోకి మోస్తానే ఉన్నాడు. మొదట్లో ఏరేవాడు. ఇప్పుడు ఒక్కటి కూడా పారేయలేకపోతున్నాడు. ఇంట్లో పడుకునే చోటు లేదు. నేను పెరట్లో వండుతున్నాను.

"మీ ఆశ్రమానికి రెండుసార్లు వచ్చినాను. గేటు దగ్గర కూర్చునే స్వామి మర్యాదగానే మాట్లాడినారు. ఇవి మామూలు ఇంటి సంగతులు, ఇక్కడ వినరు అని చెప్పినారు. బుధవారం మా అన్న వచ్చి నన్ను తీసుకుపోతాడు. ఆయన్ను వదిలి పోవాలని నాకు లేదు. అంతలోపల మీరొచ్చి ఒక్క మాట చెబితే వింటాడని ఆశ."

ఫణి ఉత్తరం మడిచాడు. ఆకుపచ్చ చీర, చేతిలో వైరు బుట్ట, ఎండలో నడిచి వచ్చిన ముఖం అతనికి గుర్తుకొచ్చాయి. రెండోసారి వచ్చినప్పుడు ఆమె గేటు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆమెకు మజ్జిగ కాదు కదా, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగుతూ పోయింది.

వాళ్లు చేరేసరికి నాలుగు దాటింది. ఎదురింటావిడ అరుగు మీంచే చెప్పింది. "కామాక్షమ్మా? పన్నెండు గంటల బస్సుకు పాయెనే. ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూస్తానే ఉన్నింది పాపం."

వీధి తలుపు సగమే తెరుచుకుంది. లోపల కంకర అడ్డం ఉంది. హాల్లో కిటికీ అంచుదాకా రాళ్లు, మంచం కింద రాళ్లు, వంటింటి గూళ్లలో గిన్నెలు ఉండాల్సిన చోట రాళ్లు. ఒకప్పుడు ఏరి అల్మరాలో దాచుకున్న అభ్రకం పలకలు, తెల్లటి పలుగురాళ్లు ఎవరికీ పట్టనట్టు బయట మెట్ల పక్కన పడి ఉన్నాయి. అద్దాల అల్మరా ఒక్కటే ఖాళీగా, శుభ్రంగా ఉంది. అందులో దూది పరిచి, పిల్ల చేతిరాతతో ఏడు చీటీలు వరుసగా పెట్టి ఉన్నాయి. వాటి మీద రాళ్లు లేవు.

మాస్టారు మర్యాద మరవలేదు. అతిథులకు కుర్చీ ఇవ్వాలని దాని మీది కంకరను ఒక్కొక్కటిగా, రెండు చేతులతో తీసి పక్కన పెట్టాడు. వేళ్ల చివరలు పగిలి ఉన్నాయి. కుర్చీ ఖాళీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది. తర్వాత ఒక రాయి తెచ్చి ఫణి చేతిలో ఉంచాడు.

"మీరు స్వామి దగ్గర చదువుకున్నోళ్లు. నా కన్ను చెడిపోయినాది. దీన్ని పెట్టొచ్చునా, పారేయొచ్చునా చెప్పండి."

అది మిషను పగలగొట్టిన కంకర. అంచులు ఇంకా కొత్తగా, పదునుగా ఉన్నాయి. తొమ్మిదేళ్ల పిల్ల వాగులో ఏరిన రాయి కాదని ఎవరిని అడిగినా చెబుతారు. ఫణి నాలుక మీదికి 'మామూలుదే' అన్న మాట రానే వచ్చింది. ఏడేళ్లుగా గేటు దగ్గర అలవాటైన మాటే. కానీ ఆ మనిషి కళ్లలోకి చూస్తూ అనలేకపోయాడు.

"నాకు తెలియదు మాస్టారూ," అన్నాడు.

స్వామి కుర్చీలో కూర్చోలేదు. రాళ్ల మీదే మాస్టారు పక్కన చతికిలబడి మెల్లగా అడిగాడు. "పాప ఎట్లాంటి రాళ్లు ఏరేది నాయనా? నున్నటివా, గరుకువా? రంగు చూసి ఏరేదా?"

మాస్టారు చెప్పబోయాడు. రాయి సంగతి అడిగితే జవాబు తడుముకోని మనిషి ఆయన. అల్మరా వంక చూశాడు, మళ్లీ స్వామి వంక చూశాడు.

"తెల్దు సామీ," అన్నాడు. "ఎప్పుడూ అడగల్యా."

అని మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. పగవాడికి కూడా రాకూడని ఏడుపు అది. కామాక్షమ్మ కోరిన ఒక్క మాట స్వామి చెప్పలేదు. చెప్పగల మాట ఆయన దగ్గర ఉందో లేదో కూడా మనకు తెలియదు. మాస్టారు వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. కాసేపటికి మాస్టారు లేచి, ముఖం తుడుచుకుని, గంప అందుకుని వెనక గోడ వైపు నడిచాడు. ఫణి రెండో గంప తీసుకుని వెంట వెళ్లాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ కంకర ఇంట్లోకి మోశారు.

చీకటి పడ్డాక తిరుగు బస్సెక్కారు. ఫణి ఉత్తరం తిరిగి ఇస్తూ, "ఆమె రెండుసార్లు వచ్చింది స్వామీ," అన్నాడు.

"వివేకం సంగతి అడిగావు కదా," అంటూ స్వామి దాన్ని అందుకున్నాడు.

"మాస్టారికి రాళ్లు బాగా తెలుసు ఫణీ," అన్నాడు. "అంత బాగా తెలిసినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు."