నగరుపూడి పూడికమ్మ తల్లి: కూలిన మేడ పొలమైన వైనం

సముద్రానికి రెండు కోసుల ఇవతల, ఉప్పుటేటి ఒడ్డున నగరుపూడి గ్రామం ఉంది. బస్సు దిగిన యాత్రికులు కరకట్ట మీదుగా తూర్పుకు నడిస్తే, చుట్టుపక్కల పొలాలకంటే మూరెడు ఎత్తున పచ్చని చేలు కనిపిస్తాయి. ఆ చేల నడుమ, చిన్న పెంకుటి కప్పు కింద పూడికమ్మ తల్లి కొలువై ఉంది. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. అమ్మవారి రూపం ఒక రాతి గడప. దానిని నిలువుగా నాటి, పసుపు పూసి, వెండి కళ్లు అమర్చారు. గుడి దగ్గర కాదు, పొలం గట్టు దగ్గరే చెప్పులు విడవాలి. ఈ నేలంతా అమ్మవారి ఒళ్లేనని పెద్దల మాట.

పూర్వం ఇక్కడ నలభై ఎకరాల ఒండ్రు నేల ఉండేది. ఊరంతటికీ అదే అన్నం పెట్టేది. ఈ ప్రాంతాన్ని ఏలిన జమీందారు ఒకాయన, తన పేరు చిరకాలం నిలిచేలా ఒక మేడ కట్టదలచాడు. ఇటుకకు మేలైన మన్ను కావాలని ఆ నలభై ఎకరాలనే ఎంచుకున్నాడు. గవరయ్య అనే మట్టిపనివాడు తన ముఠాతో మూడేళ్లు తవ్వాడు. మేడ లేచింది. జనం దానిని ‘నగరు’ అన్నారు. నేల మాత్రం నిలువెత్తు గుంటలుగా మిగిలింది. పోటు వచ్చినప్పుడల్లా ఏటి ఉప్పునీరు ఆ గుంటల్లోకి ఎక్కేది. ఎండలకు ఆ నీరు ఇంకి, సున్నం చల్లినట్టు తెల్లటి చౌడు పేరుకునేది. గడ్డిపరక కూడా మొలిచేది కాదు.

నగరు కూడా ఎన్నాళ్లో నిలవలేదు. జమీందారు పోయాడు, కొడుకులు చెదిరిపోయారు. ఉప్పుగాలికి ఇటుక పొడిపొడిగా రాలింది. వానలకు తడిసిన గోడలు ఒక్కొక్కటే కూలసాగాయి. ఆ శిథిలాల మధ్య, తూర్పు మూల గదిలో, జమీందారు చిన్నకోడలు సుభద్రాయమ్మగారు ఒక్కరే మిగిలారు. నగరు గోడ మీద చెయ్యి వేస్తే వంశం నాశనమవుతుందని ఊరివారు అటు వెళ్లడమే మానుకున్నారు.

గవరయ్యకు వయసు పైబడింది. అతని కోడలు నూకాలు. తిండిగింజలు లేక ఏటా కొన్ని కుటుంబాలు వలస పోయేవి. ఒక ఏడు పదకొండు ఇళ్ల తలుపులు మూతపడ్డాయి. మనమూ పోదామని భర్త అప్పన్న అంటే, నూకాలు మామగారి వైపు చూసింది. గవరయ్య ఎప్పుడూ పడమటి వైపు తిరిగే కూర్చునేవాడు. తాను తవ్విన గుంటలను చూడలేక ఎన్నో ఏళ్లుగా తూర్పు దిక్కు చూడటమే మానేశాడు.

వైశాఖమాసంలో ఒకనాటి మధ్యాహ్నం నూకాలు బండి నీడన నడుము వాల్చింది. కునుకులో ఆమెకు ఒక స్త్రీ కనిపించింది. ఆమె డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి, పెదవుల మీద ఉప్పు పొక్కులు ఉన్నాయి. “నా ఒళ్లు తవ్వి మేడ కట్టుకున్నారు. కట్టినప్పుడు నేనేమీ అడగలేదు. కూలినాక కూడా నాది నాకు ఇవ్వరా?” అని ఆ తల్లి అడిగింది.

నూకాలు ఉలిక్కిపడి లేచి, ఆ మాటలు మామగారికి చెప్పింది. గవరయ్య “మొదటి పార దెబ్బ నేనే వేశానమ్మా” అని తలకొట్టుకుని ఏడ్చాడు. “వేసిన చేత్తోనే పూడుద్దాం మావా. లెగు” అన్నది నూకాలు.

ఆమె తిన్నగా నగరుకు వెళ్లింది. శిథిలాల మధ్య నిలబడి తన కల సంగతి చెప్పింది. సుభద్రాయమ్మగారికి ఆగ్రహం వచ్చింది.

“మా మామగారు కట్టించిన మేడని మట్టిగుంటలో పోయిస్తావా? ఎంత ధైర్యమే నీకు?”

“నిలబడ్డ గోడ అడగట్లేదు దొరసానమ్మగారూ. పడిపోయినది ఇప్పించండి. అది మీకు అడ్డం, మాకు బువ్వ.”

“పడినదే తీసుకో. నిలబడ్డదాని మీద చెయ్యి పడిందంటే ఊరుకోను” అని ఆమె తలుపు వేసుకున్నారు.

అప్పటికే వంటశాల గోడ కూలి ఉంది. నూకాలు, అప్పన్న గంపలతో ఆ ఇటుకలు మోసి ఒక గుంటలో గుమ్మరించి, పైన మన్ను పోశారు. చౌడుకు ఇటుక ఎరువు వేస్తున్నారని ఊరు నవ్వింది. తొలకరికే పోటునీరు ఎక్కి, వేసిన మన్నంతా కొట్టుకుపోయింది. ఇటుకలు బురదలో కూరుకుపోయాయి. నూకాలు గట్టున కూలబడింది.

ఆనాడు గవరయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. ఎన్నో ఏళ్ల తరువాత ఆ గుంటల్లోకి చూశాడు. “నింపితే చాలదమ్మా, పేర్చాలి” అన్నాడు. ముందు ఏటి వైపు పెద్ద పెళ్లలతో అడ్డుకట్ట వేయించాడు. గుంట అడుగున పెద్ద ముక్కలు, వాటిపైన చిన్న ముక్కలు, ఆపైన గోడల సున్నపు పొడి, దానిమీద పాత ఊరిదిబ్బల పాటిమన్ను, చెరువులో తీసిన ఒండ్రు పరిపించాడు. వాన కురిసినప్పుడల్లా ఉప్పు ఇటుక సందుల్లోంచి కిందికి దిగిపోయింది. మొదటి ఏడు జీలుగ చల్లి, అది ఏపుగా పెరిగాక నేలలోనే కలియదున్నారు. రెండవ ఏట చోళ్లు, అంటే రాగులు, చల్లారు. పది సెంట్ల చెక్కలో కంకులు ముడుచుకున్న పిడికిళ్లలా నిలబడ్డాయి. గవరయ్య ఒక కంకిని అరచేతుల్లో నలిపి, ఊదుకుని, గింజలు నోట్లో వేసుకున్నాడు. “తియ్యగానే ఉన్నాయి. ఉప్పు లేదు” అన్నాడు.

తొలి పంటతో అంబలి కాచి నూకాలు ముందుగా నగరుకే తీసుకువెళ్లింది. సుభద్రాయమ్మగారు రెండు గుక్కలు తాగి, ఎక్కడి చోళ్లని అడిగారు.

“మీ వంటశాల గోడ మీద పండాయమ్మగారూ.”

ఆమె ముంత కింద పెట్టేశారు. కానీ మర్నాడు ఉదయం ఊరంతా చూస్తుండగా ఆ రాణివాసపు మనిషి గంప నెత్తిన పెట్టుకుని గుంట దగ్గరకు వచ్చారు.

“యాభై ఏళ్లు ఈ గోడలకి కాపలా ఉన్నాను. ఇవి ఎవరికీ నీడనివ్వలేదు, నాకు కూడా. నిలబడ్డవీ తీసుకోండి. ఒక్కటే మాట, ఏ గోడ పోస్తున్నారో నాతో చెప్పించి పొయ్యండి. వాటికి పేర్లున్నాయి” అన్నారు.

ఆమే స్వయంగా గంప పట్టడంతో ఊరికి భయం తీరింది. అందరూ పారలు, గునపాలు పట్టారు. సుభద్రాయమ్మగారు గట్టున పీట వేసుకుని, గంప వచ్చినప్పుడల్లా అది ఏ గదిదో చెప్పేవారు. ఒకరోజు నూకాలు తెచ్చిన గంపలో నీలిమందు కలిపిన సున్నపు పెళ్లలున్నాయి. వాటిలో ఒకదానిని ఆమె చేతిలోకి తీసుకున్నారు. “పురిటిగది గోడ. నా బిడ్డలిద్దరూ అక్కడే పుట్టారు, అక్కడే పోయారు.”

నూకాలు చేతులు ఆగిపోయాయి. ఆ పెళ్లలు పొయ్యలేక గంప చంకన పెట్టుకుని నిలబడింది.

“పొయ్యవే తల్లీ. ఇప్పటికైనా అక్కడ ఏదో ఒకటి పెరుగుతుంది” అన్నారు సుభద్రాయమ్మగారు.

ఆ పని ఏడేళ్లు సాగింది. వలస పోయినవారు కబురు విని తిరిగి వచ్చారు. చివరకు నగరులో సింహద్వారపు గడప ఒక్కటే మిగిలింది. దానిని కూడా గుంటలో వేయబోతే సుభద్రాయమ్మగారు వారించారు. “ఈ గడప దాటి బయటికి రావడానికి నాకు ఒక జీవితం పట్టింది. దీన్ని పడుకోబెట్టకండి, నిలబెట్టండి” అన్నారు. నూకాలు ఆ గడపలో తన కలలోని తల్లిని చూసుకుని, పూడిన నేల నడుమ నాటి, తొలి పూజ చేసింది. నగరు పూడిన చోటు గనుక ఊరికి నగరుపూడి అనీ, పూడికలో వెలసింది గనుక అమ్మవారికి పూడికమ్మ అనీ పేర్లు వచ్చాయి. సుభద్రాయమ్మగారు తుదివరకు నూకాలు ఇంటనే ఉన్నారు. కన్నుమూసిన పిదప, ఆమె కోరిక ప్రకారం, పురిటిగది గోడ పోసిన చెక్కలోనే సమాధి చేశారు. ఆ చెక్కలో ఇప్పటికీ పసిపిల్లల అన్నప్రాశనకు మాత్రమే ధాన్యం పండిస్తారు.

నూకాలు వంశంలోని కోడళ్లే నేటికీ పూజారులు. నైవేద్యం చోడి అంబలి. చుట్టుపక్కల ఏడు ఊళ్లలో పాత ఇల్లు పడగొట్టినవారు వైశాఖంలో మొదటి గంప ఇక్కడికే తెస్తారు. పోసేముందు అది ఎవరి ఇల్లో, ఏ గది గోడో, అందులో ఎవరు బతికారో పైకి చెప్పాలి. చుట్టూ ఉన్నవారు పని ఆపి వింటారు. నిరుడు తుపానుకు ఇల్లు పడిపోయిన ఒక ముసలాయన తన భార్య వంటగది గురించి గంటసేపు చెప్పాడు. ఎవరూ కదలలేదు.

ఇల్లు పాడుబడిందని దుఃఖించేవారికి పూడికమ్మ తల్లి మనసు కుదుటపరుస్తుందని, బీడుపడిన నేలగలవారికి పంట చూపిస్తుందని నమ్మిక. రాదలచినవారు గాజు, ఇనుము, ప్లాస్టిక్ ఏరివేసి, ఇటుక, సున్నం, మన్ను మాత్రమే తీసుకురావలెను. మోయగలిగినంతే తెచ్చినా చాలును. దక్షిణపు వైపున రెండెకరాల గుంట ఇంకా మిగిలి ఉంది.