దొర బంగళా మీద ఎర్రయ్యమ్మ డాబా

అనగనగా, సముద్రం ఇంకా ఊరికి దూరంగా ఉండే రోజుల్లో, ఒడ్డున ఒక ఎర్రమట్టి గుట్ట, గుట్ట మీద ఒక బంగళా. ఎన్నేళ్ళ కిందటో నాకు తెలియదు. తెలియనిది చెప్పను. ఆ బంగళా ఎలా ఉండేదో మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. అది చెబుతాను.

గోడలు రెండు మూరల మందం. చుట్టూ కమానుల వరండా. మనిషెత్తు రెక్కల కిటికీలు, తెరిస్తే సముద్రపు గాలి ఇల్లంతా తిరిగి చూసి వెళ్ళేది. దూలాలు బర్మా టేకు. కట్టించింది ఒక తెల్లదొర. అన్నీ కుదిరాయి, పైకప్పు ఒక్కటే కుదరలేదు.

అప్పట్లో సిమెంటు లేదు. దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన గుల్ల సున్నం, ఇటుక ముక్కలు కలిపి పరిచేవారు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు చిలకరిస్తూ, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో కొట్టేవారు. ఇరవై మంది కొట్టినా ఒక్క చెయ్యి కొట్టినట్టుండాలి. అందుకే పాట. పాట ఎత్తేది ఎర్రయ్యమ్మ. సున్నానికి వేళ్ళు పగిలిన మనిషి. ఉన్నవి రెండే చీరలు. గొంతు మాత్రం గుట్ట దిగి పడవల దాకా వినిపించేది.

"దెబ్బా దెబ్బా కలవాల, పొరా పొరా అతకాల!"

దబ్, దబ్, దబ్.

దొర చెవులు మూసుకుని వచ్చాడు. "ఏమిటీ గోల? నోళ్ళు మూసి పని చెయ్యండి!"

నోళ్ళు మూశారు. పాట పోయింది. ఎవరి దెబ్బ వాళ్ళదే. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. మొదటి వాన పడింది. డాబా కారింది. దొర పరుపు మీద కారింది.

రెండోసారి మేస్త్రీ దాలినాయుడు ఒక తెలివి చూపించాడు. "పాడండి, కానీ తొందరగా పాడండి. మూడు రోజుల్లో అయిపోవాల."

"తొందరేటి మేస్త్రి బావూ? ఇది సున్నం, నీ పెళ్ళి ముహూర్తం కాదు" అంది ఎర్రయ్యమ్మ.

మేస్త్రీ మాటే నెగ్గింది. పరుగు పాట, పరుగు దెబ్బ. పైపొర ఎండింది, లోపల పచ్చిగానే ఉండిపోయింది. మళ్ళీ వాన పడింది. డాబా కారింది. దొర తాగుతున్న సూపులో కారింది.

దొర ఇంట్లోనే గొడుగు వేసుకుని తిరిగాడు. ఆ గొడుగుతోనే బయటికొచ్చాడు. "ఇక చాలు! పట్నం నుంచి రేకులు తెప్పిస్తాను. డాబాలు కొట్టేవాళ్ళతో ఈ జిల్లాలో నాకు పని లేదు."

ఇరవై మందీ చేతుల్లోని చెక్కల వైపు చూసుకున్నారు. ఆ చెక్క తప్ప వాళ్ళ చేతులకి ఇంకో పని తెలియదు.

ఎర్రయ్యమ్మ ముందుకొచ్చింది. "ఒక్కపాలి మా లెక్కన కొట్టనియ్యి బావూ. పాట మాదే, జోరు మాదే. కారిందో, మా చెక్కలు మేమే పొయ్యిలో ఎట్టుకుంటాం. కారకపోతే?"

"కారకపోతే?"

"నువ్వు మా పాట పాడాల."

దాలినాయుడు తల పట్టుకున్నాడు. "ఓలమ్మో! దొరనే పాడమంటావేటే!"

దొర మీసం కదిలింది. "సరే" అన్నాడు.

వానలు వెళ్ళాక కొట్టారు. దెబ్బా దెబ్బా కలిపారు, పొరా పొరా అతికించారు. చెక్క వేస్తే కొత్త కుండలా ఖంగుమనే దాకా ఆపలేదు. తడుపుతూ తడుపుతూ నెల రోజులు ఆరనిచ్చారు. అప్పుడు డాబా చుట్టూ మట్టికట్ట వేసి, ఊరి బావి నీళ్ళు బిందెలతో మోసి నింపారు.

దొర తెల్లకోటు తొడుక్కుని, సరిగ్గా ఆ నీళ్ళ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఊరంతా కిటికీల దగ్గరే ఉంది. పొద్దు ఎక్కింది. మధ్యాహ్నం అయింది. దొర ముక్కు కొసన ఒక చుక్క మెరిసింది.

"కారింది!" అని అరిచాడు దాలినాయుడు. ఆడవాళ్ళ చేతుల్లోంచి చెక్కలు జారాయి.

ఎర్రయ్యమ్మ కదల్లేదు. "నాలికతో సూడు బావూ" అంది.

దొర ఆ చుక్కని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం అదోలా పెట్టాడు. "ఉప్పగా ఉంది."

"మా బావి నీళ్ళు తియ్యన. అది నీ సెమట బావూ. ఇంత ఉక్కలో కోటెందుకు తొడిగేవు?"

కిటికీలన్నీ నవ్వాయి. మాట ఇచ్చాడు కనక దొర లేచి నిలబడ్డాడు. "డెబ్బా డెబ్బా కలవాల" అని పాడాడు. ఆ పాటకి వరండాలో పావురాలన్నీ లేచిపోయాయట. రేకుల మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. జిల్లాలో ఎవరు బంగళా కట్టినా ఎర్రయ్యమ్మకే కబురు వెళ్ళేది.

కొన్నాళ్ళకి ఎర్రయ్యమ్మ పోయింది. దొరలూ పోయారు. సముద్రం గుట్టని ఏడాదికింత కొరుక్కుంటూ వచ్చింది. వరండా పడింది, గోడలు పడ్డాయి, దూలాలు ఎవరెవరో మోసుకుపోయారు. దొర పేరు చెక్కిన రాయి అలల్లో కలిసింది. ఆ పేరు ఇప్పుడెవరికీ తెలియదు. నాలుగు మంచాలంత డాబా ముక్క మాత్రం పగలకుండా జారి, రాళ్ళ మీద గొడుగులా ఆగింది. వలలవాళ్ళు దాన్ని ఎర్రయ్యమ్మ డాబా అంటారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో శ్లాబు పోస్తే, మిషను ఎంత గిరగిరా తిరిగినా, ముందు ఒక పెద్దావిడ చెక్కతో మూడు దెబ్బలు వెయ్యాల్సిందే. ఎక్కడెక్కడికో వెళ్ళి అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా, వాన మొదలైతే గోడ మీద మూడుసార్లు తట్టి, అప్పుడు పిల్లలకి దుప్పటి కప్పుతారు.

వాన పడితే ఆ ఊరి పిల్లలు ఒడ్డు వెంట పరిగెత్తి ఎర్రయ్యమ్మ డాబా కింద దూరతారు. ఎవరి ముక్కు మీదైనా చుక్క కనిపిస్తే ఊరుకోరు. "నాలికతో సూడు!" అంటారు. ఉప్పగానే ఉంటుంది.

"దొర సెమట!" అని అరిచి, పడీ పడీ నవ్వుతారు.