పిడికెడు చోళ్ళ యాత్ర

కొండకి కోసెడు దూరంలో ఒక ఊరు, ఊరి చివర నువ్వుల నూనె ఆడే గానుగ పాక. ఆ పాకలో గానుగ తిప్పే ఎద్దు అప్పన్న, రాలిన నువ్వులు ఏరుకుని దిట్టంగా తయారైన కోడి నూకాలు, ఆమె పిల్లలు, కాపలాకి రెండు కుక్కలు కాపురం ఉండేవారు. సాయంత్రం కాగానే యజమాని నూనె అమ్మడానికి పక్క ఊళ్ళకి బయల్దేరేవాడు. కుక్కలు కూడా ఆయన వెంట వెళ్ళేవి. తిరిగొచ్చేసరికి రెండు గంటలు పట్టేది. పాకకి ఆ రెండు గంటలూ కాపలా ఉండేది కాదు.

ఆ రెండు గంటల సంగతి బాగా తెలిసినవాడు పైడయ్య అనే నక్క. కొండకింద లోయలో అతని నివాసం. తనంత తెలివైనవాడు ఆ చుట్టుపక్కల లేడని అతని గట్టి నమ్మకం. కాదని చెప్పడానికి దగ్గరకొచ్చిన వాళ్ళని తినేస్తూ ఉండటం వల్ల ఆ నమ్మకానికి ఎన్నడూ ఢోకా రాలేదు. నూకాలు పిల్లలు పదకొండు మందిలో నలుగురు ఇప్పటికే అతని పొట్టలో స్థిరపడ్డారు. ఇప్పుడతనికి తల్లి మీద మనసైంది. నువ్వులు తిని పెరిగిన మాంసం కదా, తలుచుకుంటేనే నోట్లో నీళ్ళూరేవి. కానీ నూకాలు సందె వేళ చూరెక్కి కూర్చుంటుంది, దిగదు. ఆమెని లోయదాకా రప్పించాలంటే ఆమె కాళ్ళమీదే రప్పించాలి.

నూకాలుకి కొండమీద జలపాతం చూడాలని ఎప్పట్నుంచో కోరిక అని ఎవరో చెప్పగా విన్నాడు. ఒక సాయంత్రం కంచె అవతల వినయంగా నిలబడ్డాడు.

"వదినా, ఎన్నాళ్ళిలా పెంటకుప్ప కెలుకుతూ బతుకుతావు? ఒక్కసారి సాహసయాత్ర చేసి చూడు. జలపాతం ముందు నిలబడితే పోయిన ప్రాణం లేచొస్తుంది."

నూకాలు చూరుమీంచి మెడ చాచి చూసింది. "ఎల్లాలనే ఉంది మరిదీ. గానీ నా కాడ పిడికెడు సోళ్ళు తప్ప ఏటీ లేవు. ఆటితో యాత్ర అవుద్దేటి?"

"పిడికెడు రాగులు చాలు. ఖర్చు తగ్గేకొద్దీ సాహసం పెరుగుతుంది వదినా."

అంటూ పైడయ్య ఏర్పాట్లు వివరించాడు. భోజనం దారిలో దొరికే పురుగులు. విశ్రాంతి ఏ బండ దొరికితే ఆ బండమీద. దాహమేస్తే పైనెలాగూ జలపాతం ఉంది. తిరుగు ప్రయాణం గురించి మాత్రం అతను ఏమీ చెప్పలేదు. చౌకగా వస్తుందంటే ఆ సంగతి ఎవరూ అడగరని అతనికి తెలుసు. నూకాలు కూడా అడగలేదు, పోయిన పిల్లల ఊసూ ఎత్తలేదు. కోడికి జ్ఞాపకశక్తి ఉండదని విన్నాను గానీ మరీ ఇంత ఉండదనుకోలేదు అని పైడయ్య ముచ్చటపడ్డాడు.

నూకాలు ఒక్కటే షరతు పెట్టింది. తను ఆడది, మరిదితో ఒంటరిగా కొండెక్కితే ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలంటారు కాబట్టి పెద్దవాళ్ళెవరైనా తోడు రావాలంది. దారి చూపించడానికీ ఒకరుండాలి గనుక ఆ రెండు పనులూ ఒక్కరితోనే కానిచ్చేస్తే సరిపోతుందని కూడా తనే చెప్పింది.

పైడయ్య గాడిద దగ్గరికి వెళ్ళాడు. గాడిద వారం వారం కొండమీంచి చింతపండు బస్తాలు దింపుతుంది, ప్రతి రాయీ దానికి తెలుసు. రెండు మోపుల పచ్చగడ్డి, మర్నాడు విశ్రాంతి ఇస్తే వస్తానంది. రెండు మోపులు కోయాలంటే ఎవరు కోయాలి? పుట్టి బుద్ధెరిగాక పైడయ్య ఒక్క పరక కోసిన పాపాన పోలేదు. మోపుకి బేరమాడాడు. అరమోపుకి దిగాడు. ఆఖరికి మర్యాదే కూలి అనుకోమన్నాడు. గాడిద వెనక్కాళ్ళు అతనివైపు తిప్పింది. బేరం ముగిసిందని పైడయ్యకి అర్థమై నాలుగడుగులు పక్కకి తప్పుకున్నాడు.

మొహం వేలాడేసుకుని తిరిగొస్తే నూకాలే ధైర్యం చెప్పింది. "మన అప్పన్న మావనడక్కూడదేటి? ఆ మావ నడిసినంత నడక ఈ సుట్టుపక్కల ఇంకెవులు నడిసినారు? తెలగపిండి ముద్దొకటి పెడితే సాలు. అది పాకలోనే దొరుకుద్ది."

నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి, పాకలోనే దొరుకుతుందంటే తనకి పైసా ఖర్చు లేదన్నమాట. పైడయ్యకి ఒళ్ళు పులకరించింది.

అప్పన్న శాంతంగా అంతా విని తల ఊపాడు. "వస్తాను బాబూ. గానీ కళ్ళకి గంతలుండాల. గంతలు లేపోతే నాకు అడుగు పడదు."

కళ్ళకి గంతలు కట్టుకుని దారి చూపిస్తానన్నవాణ్ణి చూసి మరొకరైతే దండం పెట్టి ఇంటికి పోయేవారు. పైడయ్య మాత్రం మరో రెండు లాభాలు చూశాడు. కళ్ళు కనపడనివాడు సాక్ష్యం చెప్పలేడు. పైగా లోయ అంచు దగ్గర ఎద్దు ఎలాగూ ఆగిపోతుంది, అక్కణ్ణుంచి దిగేది తనూ వదినానే. ఊరి పక్కనే పని కానిస్తే కోడి కూతకి కుక్కలు వస్తాయి. లోయలో ఎవరొస్తారు?

అమావాస్యకి గానుగ ఆడరు. ఆ రోజు తెల్లవారుతూనే ప్రయాణం పెట్టుకున్నారు. ఊరి పొలిమేరలో కలుసుకునేసరికి పొగమంచు కమ్మేసి ఉంది. పైడయ్య రెండు రోజులుగా ఏమీ ముట్టలేదు. పెళ్ళి భోజనానికి వెళ్ళేవాళ్ళు ముందునుంచే పొట్ట ఖాళీ పెట్టుకుంటారు చూడండి, అలాగన్నమాట. దానికితోడు సంతోషంతో రాత్రి కంటిమీద కునుకు లేదు. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళు తేలిపోయాయి. సాహసయాత్ర నిర్వాహకుడు ఎద్దు వీపెక్కి కూర్చున్నాడు. నూకాలు అప్పటికే కొమ్ముల మధ్య సర్దుకుంది.

"తిన్నగా పోనీ అప్పన్నా. ఎక్కడా మలుపు తిరక్కు."

"నా జన్మలో మలుపు తిరగలేదు బాబూ," అన్నాడు అప్పన్న. "ఎప్పుడూ తిన్నగానే నడిసినాను."

పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఎద్దు నడక మెత్తగా ఉంది, మంచు చల్లగా ఉంది. పైడయ్య కళ్ళు మూతపడ్డాయి. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చి ఎక్కడిదాకా వచ్చామని అడిగితే, చెరుకుతోట దాటామని నూకాలు చెప్పింది. ఇంకోసారి అడిగితే ఇసకలో నడుస్తున్నామంది. మరోసారి, దిబ్బ ఎక్కుతున్నామంది. దిబ్బ అంటే కొండ మొదలైనట్టేనని పైడయ్య గుర్రుపెట్టాడు. ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ తోటా, ఆ ఇసకా, ఆ దిబ్బా అన్నీ ఊరి చుట్టూ ఉన్నవే.

ఎద్దు ఆగింది. నీళ్ళు తాగుతున్న చప్పుడు వినిపించింది.

"జలపాతమా?" అన్నాడు పైడయ్య కళ్ళు తెరవకుండానే.

"వచ్చీసినాం మరిదీ. దిగు."

మంచు విడిపోయి మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తోంది. ఎదురుగా కుడితి తొట్టి. తొట్టి పక్కన గానుగ. గానుగ పక్కన రెండు కుక్కలు, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. ఎద్దెక్కి గుమ్మంలోకొచ్చిన నక్కని అవి పుట్టాక చూడలేదు, నమ్మడానికి కొంచెం సమయం పట్టింది.

"ఇదేం పని అప్పన్నా?" అన్నాడు పైడయ్య.

"తిన్నగానే వచ్చినాను గదా బాబూ. తెలగపిండి ఏదీ?"

నూకాలు ఎగిరి చూరుమీద వాలింది. "సెలవునాడు కూడా మావ కాళ్ళు ఊరుకోవు. పొద్దున్నే ఊరు సుట్టూ తిరిగొచ్చి మద్దేనానికి ఈ తొట్టి కాడ ఆగుతాడు. ఊరందరికీ తెలుసు. నువ్వు పగలెప్పుడూ రాలేదు గదా, నీకెలా తెలుస్తాది? నువ్వొచ్చేది సందె కాడ, నా పిల్లల కోసం." ఆమె కింద తిరుగుతున్న పిల్లలవైపు చూసింది. "మేతకి పిలిసినప్పుడు నా నోటికి పదకొండు పేర్లూ వచ్చేస్తన్నాయి మరిదీ. ఏడుగురే వస్తన్నారు."

కుక్కలు అప్పటికి నమ్మాయి.

పైడయ్య తోక సగం గానుగ పాకలోనే ఉండిపోయింది. మిగతా పైడయ్య పొలాలకి అడ్డంపడి, లోయలో తన గుహని కూడా దాటేసి, కొండ ఎక్కి అవతల జిల్లాకి దిగిపోయాడు. గంతలు లేకుండా, తోడు లేకుండా, చోడి గింజ ఖర్చు లేకుండా. దారిలో జలపాతం పక్కనుంచే వెళ్ళాడట గానీ, ఆగి చూసే తీరిక దొరకలేదట.

ఆ సాయంత్రం కుక్కలు యజమాని వెంట వెళ్ళిపోయాక, నూకాలు మొదటిసారి సందె వేళ చూరు దిగి, ఏడుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని కంచె దాకా మేతకి వెళ్ళింది.

నీతి: చౌకగా దొరికాడని దారి తెలియనివాడి వీపెక్కి నిద్రపోతే, ఎక్కడ మేలుకుంటామన్నది మన చేతుల్లో ఉండదు.