ఏకగ్రీవం

ఏరు దాటించే పంటు దిగి లంకలోని ఆశ్రమానికి చేరేసరికి భానోజీరావు మాస్టారు కోపంతో ఊగిపోతున్నాడు. రేవులో రొయ్యలు వొలిచే ఆడవాళ్ళు ఆయన్ని చూసి కాండ్రించి ఉమ్మారు. జీవితమంతా పిల్లలకి తెలుగు పాఠం చెప్పినవాణ్ణి పట్టుకుని!

"నేనేం చేశాను స్వామీ? నోరు కూడా తెరవలేదే!" అంటూ తారకబోధ స్వామి ఎదుట చాప మీద కూలబడ్డాడు.

స్వామి ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చాడు.

మాస్టారు కాలేజీలో రిటైరయ్యాక రొయ్యల కంపెనీ వాళ్ళు పిలిచి బోర్డులో కూర్చోబెట్టారు. స్వతంత్ర డైరెక్టరట. యాజమాన్యం అడ్డదారి తొక్కితే నిలదీసి అడగాల్సిన మనిషన్నమాట. అడిగే రకమైతే పిలుస్తారా? వాళ్ళకి కావలసింది పెద్దమనిషి పేరు, నోరు కాదు. ఈయన మాత్రం ఉబ్బితబ్బిబ్బై, ఇంటి గేటుకి కొత్త నేమ్‌ప్లేటు కొట్టించుకున్నాడు.

పోయిన మీటింగులో సేఫ్టీ ఆఫీసరు లేచి, కోల్డ్ స్టోరేజీ అమ్మోనియా పైపు కారుతోంది, పని ఆపి మార్చకపోతే ప్రాణాల మీదికొస్తుందని మొత్తుకున్నాడు. "సీజన్ పోయాక చూద్దాంలే" అన్నాడు ఛైర్మన్ కృష్ణకిశోర్. అందరూ తలలూపారు. మన మాస్టారు కిక్కురుమనకుండా జీడిపప్పు ప్లేటు కేసి చెయ్యి చాపాడు.

మొన్న ఆ పైపు పగిలింది. గ్యాసు పీల్చిన ఆడవాళ్ళు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. దయామణి అనే పిల్లకి గొంతు కాలిపోయింది. ఇక మాట రాదని డాక్టర్లు చెప్పేశారు.

"రేపు పేపర్లకి ప్రకటన ఇస్తారట స్వామీ. దాని మీద నా సంతకం కావాలంటున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మనసుకి శాంతి కలిగే మంత్రం ఏదైనా చెప్పండి" అన్నాడు మాస్టారు.

"ముందు ఆ ప్రకటన చదువు."

మాస్టారు కళ్ళజోడు తగిలించుకున్నాడు. "పైపు లోపం గురించి సేఫ్టీ ఆఫీసరు ఎన్నడూ మా దృష్టికి తీసుకురాలేదని బోర్డు సభ్యులమందరమూ ఏకగ్రీవంగా ప్రకటిస్తున్నాము."

"అంటే ఆ చెప్పినవాడే జైలుకి పోతాడు."

"అదే కదా స్వామీ నా బాధ!" అని, ఉండబట్టలేక మళ్ళీ తనే అన్నాడు, "వాళ్ళు 'అందరం కలిసి' అని రాశారు. భాష సరిచూడమంటే 'ఏకగ్రీవంగా' అని నేనే మార్చాను."

ఛీ! ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది.

"గ్రీవం అంటే ఏమిటయ్యా?"

"మెడ స్వామీ."

"ఏకగ్రీవం?"

"ఒకే మెడ. అంటే, అందరిదీ ఒకే మాట అని..."

"మాట సంగతి తరవాత. ఇంతమందికీ కలిపి ఒక్కటే మెడా? ఎవరిదది?"

"ఛైర్మన్ గారిదే అనుకోండి."

"మరి నీది?"

మాస్టారు చిన్నగా నవ్వాడు. "నాదేముంది స్వామీ, నేను లెక్కలో మనిషినా?"

స్వామి భుజం మీది కండువా తీశాడు. మాస్టారి మెడకి చుట్టి ఒక్క లాగు లాగాడు.

"అమ్మో! వదలండి! చచ్చిపోతాను, వదలండి స్వామీ!"

ఆ కేకకి వంటింట్లోంచి వంటామె గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. స్వామి కండువా వదిలాడు.

"గొంతు బాగానే ఉందే నీకు!" అన్నాడు. "దయామణిని ఇప్పుడే చూసొచ్చాను. అమ్మా అని ఏడవడానికి కూడా దానికి గొంతు లేదు."

మాస్టారు తల దించుకున్నాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది. ఛైర్మన్.

"సంతకం అయిపోయిందా మాస్టారూ? కాగితం కోసం మనిషిని పంపిస్తున్నా."

మాస్టారు దగ్గాడు.

"పంపకండి. నేను పెట్టను. పైపు సంగతి ఆ అబ్బాయి మనకి చెప్పాడు. నేను విన్నాను. విని, జీడిపప్పు తింటూ కూర్చున్నాను. రేపు పేపర్ల వాళ్ళకి అదే చెప్తాను."

అవతల ఛైర్మన్ అరుపులు వంటామెకి కూడా వినిపించాయి. "మతి పోయిందా? కేసులో మీరూ ఇరుక్కుంటారు, తెలుసా?"

"తెలుసు" అని మాస్టారు ఫోను పెట్టేశాడు. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు స్వామి.

"ఉంది స్వామీ."

"అయితే నీకూ మెడ ఉన్నట్టే" అని స్వామి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.